మిల్లు గేటు దగ్గర ఆగిన కర్ర

1996లో దసరా వెళ్లిన వారం నన్ను జమేదారుగా వేశారు. నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే హైవే మీద, ఊరు దాటాక ఉండే పత్తి జిన్నింగ్ మిల్లు అది. జిన్నింగ్ అంటే పత్తిలో గింజ తీసి దూది వేరు చేయటం. ఆ దూదిని యంత్రంలో వత్తి బేళ్లు కడతారు. కాపలా వాళ్లలో కింది మెట్టు వాచ్‌మన్, పై మెట్టు జమేదారు. నా కింద ఆరుగురు. నా పైన గుమాస్తా రంగారావు గారు, ఆయన పైన షావుకారు గారు.

అంతకు ముందు తొమ్మిదేళ్లు నేను అదే గేటు దగ్గర వాచ్‌మన్‌ని. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసేవాణ్ణి. జమేదారు కావాలంటే గేటు రిజిస్టరు రాయాలి. బండి నంబరు, రైతు పేరు, ఊరు, వచ్చిన టైము, పోయిన టైము, చివర రిమార్కుల గడి. అందుకని నలభై నాలుగేళ్ల వయసులో రాత్రి బడికి పోయి అ ఆలు దిద్దాను. పక్కన కూర్చున్న వాళ్లు నా కొడుకు ఈడు వాళ్లు. సిగ్గుపడలేదంటే అబద్ధం. నాలుగేళ్లు పట్టింది. ఇప్పటికీ పెద్ద మాటలు కూడబలుక్కునే రాస్తాను. ఈ కాగితాలు కూడా అట్లాగే రాస్తున్నాను, చదివేవారు కాస్త ఓపిక పట్టాలి.

నాకు పుట్టుకతో వచ్చిన విద్య వేరే ఉంది. అది కర్రసాము. మా నాన్న జగ్గయ్యపేటలో తాలింఖానా నడిపేవాడు. తాలింఖానా అంటే సాము నేర్పే చోటు. ఇంత మట్టి నేల, చుట్టూ తడికలు, ఒక మూల కర్రలు, అంతే. దసరాకీ పీర్ల పండక్కీ ఊరేగింపు ముందు ఆడేది మేమే. ఎనిమిదో ఏట నన్ను ఆ మట్టిలో నిలబెట్టాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. పాఠం మొదలుకాక ముందు శిష్యుడు కర్రను రెండు అరచేతుల మీద అడ్డంగా పెట్టుకుని, తల వంచి, గురువు ముందు నిలబడాలి. గురువు చేతిలో ఏమున్నా కిందికి దించి, కుడిచేత్తో ఆ కర్రను తాకాలి. తాకితేనే పాఠం మొదలు. మా నాన్న ఎవరినైనా బండబూతులు తిడుతూ ఉన్నా, ఎదురుగా ఎవడైనా కర్ర పట్టుకొచ్చి నిలబడితే తిట్టు సగంలో ఆపి తాకేవాడు. తర్వాత మిగతా సగం తిట్టేవాడు, అది వేరే సంగతి.

జమేదారునైన రెండో వారంలో చిల్లకల్లు నుంచి మరియమ్మ అనే అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నా నేనూ ఒకప్పుడు కలిసి లారీలకు బేళ్లు ఎత్తినవాళ్లం. ఆమె భర్త యేసోబు మీద బైండోవరు పెట్టారు. బైండోవరు అంటే, ఏడాది పాటు ఎవరితోనూ గొడవ పడనని ఎమ్మార్వో ముందు బాండు రాసిచ్చి, ఇద్దరు జామీనుదారుల్ని చూపించటం. ఆ ఏడాదిలో ఒక్కసారి చెయ్యెత్తినా జైలు. ఇంతకీ గొడవ దేని మీద? వాలీబాల్ మీద. బంతి గీత మీద పడిందా, గీత బయట పడిందా అని. ఆ మాత్రం దానికి యేసోబు అవతలి కుర్రాడి భుజం ఎముక విరగ్గొట్టాడు. ఆ కుర్రాడి అన్న రాఘవయ్య అదే ఊళ్లో రైతు. తమ్ముడి ఎముక అతుక్కుంది గానీ ఆయన పగ అతుక్కోలేదు.

"బాబాయిగారూ, మా ఆయన చెడ్డోడు కాదండి. చెయ్యి ముందు లేస్తది, బుద్ధి తర్వాతొస్తది. నాకిప్పుడు మూడో నెల. ఈ ఏడాది ఆయన బయటుంటే చాలండి. ఊళ్లో ఉంటే రాఘవయ్య గారు ఉండనియ్యరు, కావాలని గిల్లుతారు" అంది మరియమ్మ.

గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఖాళీ ఉంది. యేసోబును చూశాను. ముప్పై లోపు వయసు, తలుపంత మనిషి. నేను అడిగిన దానికల్లా నేల చూసుకుంటూ జవాబు చెప్పాడు. కానీ పిడికిళ్లు మాత్రం మూసే ఉన్నాయి. నేను జామీను ఉంటానన్నాను, ఆ ఖాళీలో పెట్టుకుని కర్రసాము నేర్పుతానన్నాను. ఎమ్మార్వో ఆఫీసులో నా మొదటి సంతకం ఆ జామీను కాగితం మీదే చేశాను.

ఈ సంగతి తెలిసి రంగారావు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"నీకేవన్నా మతి పోయిందా జమేదారూ? కొట్టి కేసు తెచ్చుకున్నోడి చేతికి కర్రిచ్చి, పైగా సాము నేర్పుతావా?"

"కర్ర లేకపోతే రాయి తీసుకుంటాడండి. కర్రయితే నేను చూస్తా ఉంటా" అన్నాను.

షావుకారు గారు ఒక్కటే మాట అన్నారు. వాడు ఎవరి మీదన్నా చెయ్యేస్తే వాడూ ఉండడు, నువ్వూ ఉండవు.

పాఠం రోజూ తెల్లవారుతుండగా మిల్లు వెనక, గింజల షెడ్డు పక్కన. నేను కుర్చీ వేయించుకుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాణ్ణి. యేసోబు కర్ర తెచ్చి తల వంచేవాడు. నేను గ్లాసు దించి తాకేవాణ్ణి. మొదటి మూడు వారాలు కర్ర తిప్పనివ్వలేదు. నిలబడటమే. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ నిలబడటం. నాలుగో రోజున "గురువుగారూ, కొట్టడం ఎప్పుడు నేర్పుతారండి?" అన్నాడు. "అది నీకు వచ్చు. ఎమ్మార్వో గారు రాసి కూడా ఇచ్చారు" అన్నాను. వరసలో సాము చేస్తున్న మిగతా వాచ్‌మన్లు నవ్వారు. వాడి మెడ ఎర్రబడింది. కదలకుండా నిలబడ్డాడు. అదే మొదటి పాఠం.

తర్వాత కుండ. ఇది మా నాన్న పెట్టిన పద్ధతి, వేరే చోట చూడలేదు. ఒక మట్టికుండ బోర్లించి, దాని మీదికి పూర్తి బలంతో కర్ర దింపి, నాలుగు వేళ్ల ఎత్తులో ఆపాలి. మెల్లగా దింపితే లెక్కలోకి రాదు. కుండ పగిలితే రెండు పనులు చేయాలి. ఆ దెబ్బ వేసేటప్పుడు మనసులో ఎవరున్నారో పదిమందిలో చెప్పాలి. తర్వాత తానే నడిచి పోయి కొత్త కుండ తేవాలి.

మొదటి కుండ పెంకులు షెడ్డు గోడ దాకా ఎగిరాయి.

"ఎవరు?"

"రాఘవయ్యండి."

రెండో కుండా ఆయనే. మూడో కుండ ఆయన తమ్ముడు. నాలుగోది, వాలీబాల్ ఆటలో విజిల్ ఊదినవాడు. నందిగామలో కుండలు చేసే కోటమ్మ అనే ముసలామె నాలుగోసారి యేసోబును చూసి, "ఏం నాయనా, మీ మిల్లులో పత్తి ఆడిస్తున్నారా, కుండలు ఆడిస్తున్నారా?" అని అడిగిందట. ఆ మాట వాడే వచ్చి చెప్పి, వాడే నవ్వాడు. వాడు తన మీద తాను నవ్వుకోవటం నేను చూడటం అదే మొదలు.

అయిదో కుండ పగిలినప్పుడు చాలాసేపు ఆలోచించి, "ఎవరూ లేరండి. దోమ కుట్టింది" అన్నాడు.

"మంచిది. మనుషులు అయిపోయారు. ఇంక దోమలే మిగిలాయి" అన్నాను. ఆరో కుండ పగల్లేదు.

సాము నేర్చిన వాడు నెమ్మదస్తుడు ఎట్లా అవుతాడని చాలామంది అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. కోపం ముందు ఊపిరిలోకి వస్తుంది. తర్వాత భుజంలోకి. ఆఖరున చేతిలోకి. ఈ మూడింటి నడుమ రవ్వంత జాగా ఉంటుంది. మామూలు మనిషికి ఆ జాగా కనపడదు, మూడూ ఒకటే దెబ్బగా వస్తాయి. రోజూ ఊపిరి చూసుకుంటూ, భుజం చూసుకుంటూ వెయ్యిసార్లు కర్ర దింపి ఆపిన వాడికి ఆ జాగా తెలుస్తుంది. తెలిస్తే అక్కడ ఆగవచ్చు. ఇందులో మంత్రమేమీ లేదు.

సీజను పుంజుకుంది. జనవరి వచ్చేసరికి గేటు నుంచి హైవే దాకా ట్రాక్టర్లు. గేటు దగ్గర మాకు అన్నిటికంటే పెద్ద పని నిప్పు తనిఖీ. లైనులోకి వచ్చిన ప్రతివాడూ బీడీలు, అగ్గిపెట్టె మా డబ్బాలో వేయాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. పత్తిలో ఒక్క నిప్పురవ్వ పడితే యార్డు మొత్తం పోతుంది. ఈ విషయంలో షావుకారు గారి బావమరిదికి కూడా మినహాయింపు లేదు.

ఒక రోజు మధ్యాహ్నం జల్లు మొదలైంది. తడిసిన పత్తి తూకం పెరుగుతుంది, దూది రంగు మారుతుంది. అందుకని కాంటా ఆపేశారు. రైతులు పట్టాలు కప్పుకుని ట్రాక్టర్ల మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచి తిండి లేదు, ఎప్పుడు దింపుతారో తెలియదు. ఎవరికైనా చిరాకే. ఏడో ట్రాక్టరు రాఘవయ్యది. కావాలని వచ్చాడా, ధర బాగుందని వచ్చాడా నాకు తెలియదు. డబ్బాలో అగ్గిపెట్టె వేశాడు గానీ రెండోది దాచుకున్నాడు. లైనులో కూర్చుని బీడీ వెలిగించాడు.

యేసోబు డబ్బా పట్టుకుని వెళ్లాడు. నేను నాలుగు ట్రాక్టర్ల ఇవతల ఉన్నాను, మాటలు వినపడుతున్నాయి.

"అన్నా, బీడీ ఇందులో వెయ్యండి."

"ఎవడ్రా నీకు అన్న? ఏంటి, కర్ర కూడా ఇచ్చారా నీకు? ఏదీ, కొట్టు. మా తమ్ముణ్ణి కొట్టినట్టు కొట్టు చూద్దాం. ఎమ్మార్వో ఆఫీసు దగ్గరేగా!"

"కొట్టనండి. బీడీ వెయ్యండి."

రాఘవయ్య పొగ వాడి మొహం మీదికి వదిలాడు. యేసోబు డబ్బా అట్లాగే చాచి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా, మోకాళ్లు కొంచెం వంచి. ఊపిరి లెక్కపెడుతున్నాడని నాకు అంత దూరం నుంచీ తెలిసింది. ఇంకాసేపు చూస్తే రాఘవయ్యే విసిగి బీడీ పారేసేవాడు. అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని గబగబా పోయి గట్టిగా అరిచాను.

రాఘవయ్య ట్రాక్టరు దిగాడు. "ఓహో, వేలిముద్ర జమేదారు గారా! జైలుకి పోయేవాడొకడు, అక్షరం రానివాడొకడు. షావుకారు గారికి మనుషులే దొరకలేదంట్రా?" అని లైనంతా వినపడేటట్టు అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. తర్వాత నా చంకలోంచి రిజిస్టరు లాగి, "ఏదీ, చదువు" అని బురదలో పడేశాడు.

ఆ రిజిస్టరులో మూడు నెలల నా చేతిరాత ఉంది. ఒక్కో పేరూ రెండుసార్లు నోట్లో అనుకుని రాసింది. నాకు ఊపిరీ తెలియలేదు, భుజమూ తెలియలేదు. నా చేతిలోని కర్ర లేచింది. మామూలుగా లేవలేదు, తల మీద దింపటానికి లేవాల్సిన ఎత్తుకు లేచింది. నా దెబ్బ ఎటువంటిదో నాకు తెలుసు. అది దిగితే ఆ మనిషి లేవడు.

అప్పుడు యేసోబు మా ఇద్దరి మధ్యకూ వచ్చాడు. నా చెయ్యి పట్టుకోలేదు, నన్ను నెట్టలేదు. రాఘవయ్యకు వీపు పెట్టి, తన కర్రను రెండు అరచేతుల మీద అడ్డంగా పెట్టుకుని, తల వంచాడు.

"గురువుగారూ, పాఠం" అన్నాడు.

నా కర్ర కిందికి వచ్చింది. దాన్ని నేను దించానని చెప్పుకోలేను. ఎనిమిదో ఏట నుంచి అలవాటైన చెయ్యి దానంతటదే దిగింది, కుడిచెయ్యి పోయి వాడి కర్రను తాకింది. వెనక ట్రాక్టరు మీది పెనుగంచిప్రోలు పెద్దాయన దిగి వచ్చి, రాఘవయ్య వేళ్ల మధ్య నుంచి బీడీ లాగి బురదలో తొక్కాడు. "పత్తి అందరిదీనయ్యా" అన్నాడు. యేసోబు రిజిస్టరు ఎత్తి చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

అంతటితో అయిపోలేదు. ఆ సాయంత్రమే రాఘవయ్య స్టేషనుకు పోయి, బైండోవరులో ఉన్నవాడు తన మీద కర్ర ఎత్తాడని కాగితం ఇచ్చాడు. దూరంగా ఉన్నవాళ్లు చూసిందీ అట్లాగే ఉంది. యేసోబు కర్రతో మధ్యలోకి దూకాడు, అంతవరకే వాళ్లకు కనపడింది. మర్నాడు హెడ్ కానిస్టేబులు వస్తాడని కబురు. వచ్చి ముందు చూసేది గేటు రిజిస్టరు.

రంగారావు గారు తలుపు వేసి నాతో నెమ్మదిగానే మాట్లాడారు. "వాడి మీద ఎట్టాగూ కేసుంది. వాడే ఎత్తాడని ఒక ముక్క రాసెయ్. నీ జమేదారీ నిలబడుద్ది, మిల్లుకి మచ్చ ఉండదు. వాడి పెళ్లానికి మనం ఏదో ఒకటి చూద్దాంలే."

ఆయన చెడ్డవాడు కాదు. మిల్లు మంచి చూసే మనిషి. నా మనసులోనూ ఒక పూట ఆ ఆలోచన తిరగలేదని చెప్పను. నలభై ఎనిమిదేళ్ల వయసులో వచ్చిన హోదా అది. కానీ వాడికి జైలు. పుట్టబోయే బిడ్డ తండ్రి మొహం చూసేది ఎప్పుడో. పొద్దున్నే రిజిస్టరును ఎండలో ఆరబెట్టి, రిమార్కుల గడిలో ఇట్లా రాశాను: "బీడీ గొడవలో రైతు రాఘవయ్య గారి మీద కర్ర ఎత్తింది నేను. దింపించింది వాచ్‌మన్ యేసోబు. అతను ఎవరి మీదా కర్ర ఎత్తలేదు." గడి చాలలేదు, పక్క గడుల్లోకి పోయింది. కింద సంతకం పెట్టాను.

హెడ్ కానిస్టేబులు రెండుసార్లు చదివాడు.

"ఇది నువ్వే రాశావా?"

"నేనేనండి."

"నీ మీద నువ్వే రాసుకున్నావేంటయ్యా?"

"జరిగింది అదేనండి."

ఆయన పెనుగంచిప్రోలు పెద్దాయన వాంగ్మూలం కూడా తీసుకున్నాడు. పెద్దాయన, "కర్ర ఎత్తటం ఏంటండి! పెళ్లిలో తాంబూలం పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నాకైతే ముందు ఏం జరుగుతుందో అర్థమే కాలేదు" అన్నాడు. బాండు తప్పలేదని స్టేషను నుంచి ఎమ్మార్వో ఆఫీసుకు రిపోర్టు పోయింది. నన్ను స్టేషనుకు పిలిచి గట్టిగా మందలించి పంపారు. షావుకారు గారు అన్న మాట ప్రకారం నన్ను తీసేయాలి. తీసేయలేదు. సీజను అయిపోయేదాకా జమేదారీ తీసి, వెనక గేటు దగ్గర మామూలు వాచ్‌మన్‌గా పెట్టారు. అది న్యాయమే.

రాఘవయ్య పత్తి ఎండ వచ్చాక అందరితోపాటే దిగింది. ఆ రోజు యేసోబు డబ్బా చాస్తే రెండు అగ్గిపెట్టెలూ తీసి వేశాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎండాకాలంలో మరియమ్మకు కూతురు పుట్టింది. వానాకాలం దాటి బాండు గడువు తీరింది. ఆ ఏడాదంతా యేసోబు మీద ఇంకో కాగితం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మరుసటి సీజనుకు నాకు జమేదారీ తిరిగి ఇచ్చారు. 2006లో నేను దిగిపోయినప్పుడు నా చోట యేసోబును వేశారు.

వెనక గేటు దగ్గర పని తక్కువ. అక్కడ కూర్చుని లెక్క చూసుకున్నాను. నాకు నలభై ఏళ్ల విద్య, వాడికి మూడు నెలలది. వాడు ఆగాడు, నేను ఆగలేదు. కారణం వెతకటానికి ఎంతోసేపు పట్టలేదు. రాత్రి బడిలో చేరినప్పటి నుంచి పొద్దున పూట అక్షరాలు దిద్దుకునేవాణ్ణి, సాము మానేశాను. నాలుగేళ్లు. నేర్పేటప్పుడు కూడా కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పాను. నాకు వచ్చుగదా అనుకున్నాను. విద్య వచ్చి ఉండటం వేరు, రోజూ పొద్దున చేయటం వేరు.

మర్నాటి నుంచి పొద్దున్నే నేనూ సాము చేసే వాచ్‌మన్ల వరసలో నిలబడ్డాను. దిగిపోయేదాకా మానలేదు.

ఆ సంగతి వల్ల నాకు తెలిసింది ఇంతే. సాముతో వచ్చే నెమ్మది నిలవ ఉండదు. చేసిన రోజు ఉంటుంది, మానితే కొన్నాళ్లకు పోతుంది, నేర్పేవాడికైనా అంతే. ఇప్పుడు నా మోకాళ్లు వంగటం లేదు. అందుకని నేను ఎవరికీ నేర్పటం లేదు. అడిగిన వాళ్లను యేసోబు దగ్గరికి పంపిస్తున్నాను.